నామావశిష్టమైన అంబాసిడరు

2017వ సంవత్సరం ఫిబ్రవరి నెలలో హిందుస్థాన్ మోటార్స్ సంస్థవారు ఒక పేరును విక్రయించినారు. కొన్నవారు ఫ్రాన్సు దేశానికి చెందిన ప్యూజో సంస్థవారు. వెల 80 కోట్ల రూపాయలు. అంబాసిడరు అను నామమూ, దాని వ్యాపారచిహ్న హక్కులూ చేతులు మారినవి. కర్మాగారం గాని, అందలి కార్మికులు గాని ఆ క్రయంలో చేరలేదు. అప్పటికి మూడేండ్లకు పూర్వమే, 2014 మే 24వ తేదీన, హుగ్లీ జిల్లా ఉత్తరపాడాలోని కర్మాగారంలో పని నిలిచిపోయి ఉన్నది. నశించిన వస్తువును గూర్చి 'నామావశిష్టమైనది' అనడం మన భాషలో వాడుక. పేరు తప్ప మరేమీ మిగలలేదని ఆ మాటకు అర్థం. ఆ మిగిలిన పేరుకు సైతం వెలకట్టి అమ్మవచ్చునని ఆ సమాసాన్ని కూర్చిన పూర్వులు ఊహించి ఉండరు.

ఒక జాతి తనదిగా భావించుకొన్న వస్తువు తయారీ ఆ గడ్డమీద ఆగిపోయిన తరువాత దాని పేరు ఏమగును? ఎవరిదగును? ఇది వర్తకులకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. పేరుకూ వస్తువుకూ గల సంబంధం భాషతో పనిగలవారందరిదీ. అంబాసిడరు చరిత్ర ఈ విషయంలో మిక్కిలి విచిత్రమైనది. ఆ విచిత్రం దాని పుట్టుకలోనే ఉన్నది.

హిందుస్థాన్ మోటార్స్ సంస్థను 1942లో బ్రజమోహన్ బిర్లా స్థాపించినారు. మొదట గుజరాత్ తీరమందలి ఓఖా రేవులో కార్ల భాగాలను కూర్చే పని జరిగేది. 1948లో ఆ సంస్థ కలకత్తాకు సమీపాన ఉత్తరపాడాకు తరలినది. అక్కడ తయారైన కార్లు ఇంగ్లండులోని మోరిస్ కార్లకు ప్రతిరూపాలు. మోరిస్ టెన్ అను కారు ఇచ్చట హిందుస్థాన్ టెన్ అయినది. తరువాత హిందుస్థాన్ ఫోర్టీన్, పిమ్మట 1954లో లాండ్‌మాస్టర్ వచ్చినవి. 1957-58 ప్రాంతాన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు అంబాసిడరు అను పేరుతో వెలువడినది. ఆ కారుకు ఇంగ్లండులో ఉన్న పేరు ఒక ఊరి పేరు. విలియమ్ మోరిస్ అను సైకిళ్ళు బాగుచేసే యువకుడు పెరిగి పెద్దవాడై, కర్మాగారం పెట్టిన ఊరు అది. ఆ ఊరి పేరు సముద్రం దాటి రాలేదు. రేకు, ఇంజను, చక్రాలు వచ్చినవి. పేరును రేవులోనే దించివేసినట్లయినది.

ఈ నామకరణ క్రమంలో ఒక వింత ఉన్నది. పరాయి ప్రభుత్వం ఉన్న కాలంలో రూపుదిద్దుకొన్న కారుకు హిందుస్థాన్ అను పేరు పెట్టినారు. స్వాతంత్ర్యం వచ్చి పదేండ్లు గడచిన పిమ్మట వచ్చిన కారుకు ఆంగ్లపదం పెట్టినారు. దేశం తనదైన తరువాత దేశం పేరును చాటవలసిన అవసరం తగ్గినదేమో! అంబాసిడరు అనగా రాయబారి. రాయబారం అనగానే తెలుగు పాఠకునకు తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలూ, వాటిని రాగమెత్తి పాడిన నటులూ స్ఫురింపక మానరు. రాయబారి వేరొకరి మాటను మోసుకొని వచ్చేవాడు. ఈ కారు విషయంలో ఆ పేరు అనుకోకుండానే సార్థకమైనది. ఆక్స్‌ఫర్డ్ పక్షాన ఇక్కడికి వచ్చిన దూత తిరిగి పోలేదు. పంపినవారు తమ దేశంలో ఆ నమూనాను కొన్ని సంవత్సరాలకే మానుకొన్నారు. దూత మాత్రం ఏబది ఆరేండ్లకు పైగా ఈ కొలువులోనే ఉండిపోయినాడు.

అంతకాలం ఉండిపోవడానికి కారణం కారు గొప్పతనమే అనుకొంటే చరిత్రకు అన్యాయం చేసినట్లగును. జనరల్ మోటార్స్ వారు 1928లోనే బొంబాయిలో కార్ల కూర్పు ప్రారంభించినారు. ఫోర్డు వారును ఇక్కడ వ్యాపారం చేసినారు. 1953లో టారిఫ్ కమిషన్ సిఫార్సుల ననుసరించి, భాగాలను క్రమంగా ఈ దేశంలోనే తయారుచేసే ప్రణాళిక ఉన్నవారే కొనసాగవలెనని ప్రభుత్వం నిర్ణయించినది. ఆ అమెరికను సంస్థలు వెళ్ళిపోయినవి. మిగిలినవారిలో కార్లకు సంబంధించినంతవరకు ముఖ్యులు ముగ్గురు: ఉత్తరపాడాలో హిందుస్థాన్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. విదేశీ కార్లకు తలుపులు మూసి, లైసెన్సులతో ఉత్పత్తికి హద్దులు పెట్టిన ఆ వ్యవస్థలో కొనేవాడు దరఖాస్తు పెట్టుకొని సంవత్సరాల తరబడి వేచి ఉండవలసి వచ్చేది. వేచి ఉండలేనివాడు పాతబండికే హెచ్చు ధర ఇచ్చి కొనుక్కొనేవాడు.

పోటీ లేనిచోట మార్పుకు తొందర ఉండదు. 1960ల ప్రారంభంలో మార్క్ టూ, 1975లో మార్క్ త్రీ, 1979లో మార్క్ ఫోర్, 1990లో నోవా అని ఒకదాని తరువాత ఒకటి వచ్చినవి. ముందరి జాలీ మారినది, దీపాలు మారినవి, లోపలి పలక మారినది. గుండ్రని కప్పు, ఉబ్బిన చెంపలు, వెడల్పైన వెనుక సీటు మారలేదు. అట్టబొమ్మ మార్చి, పీఠిక చేర్చి, లోపలి అచ్చుతప్పులను అట్లే ఉంచి 'నూతన ముద్రణ' అని ప్రకటించే ప్రచురణకర్తలు మనకు కొత్తవారు కారు.

అయినను ఈ కథలో రెండవ పక్షం ఉన్నది. మారకపోవడం వలన ఆ కారు అందరికీ తెలిసినదైనది. కలకత్తా నుండి కడప వరకు ఏ ఊరి మెకానిక్కు అయినా కళ్ళు మూసుకొని దాని ఇంజను విప్పి బిగించగలిగినాడు. విడిభాగాలు ప్రతి బజారులోనూ దొరికేవి. గతుకుల రోడ్లను అది ఓర్చుకొన్నది. గేరుకర్ర స్టీరింగు స్తంభానికే ఉండుటవలన ముందు సీటు బల్లవలె విశాలంగా ఉండి, డ్రైవరు పక్కన ఇద్దరు కూర్చొనేవారు, అవసరమైతే ముగ్గురు. పెండ్లివారు, రోగులు, ఎన్నికల ప్రచారకులు అందరూ దానిలోనే ఇరుకుకొని ప్రయాణం చేసినారు. జిల్లా కలెక్టరు నుండి ప్రధానమంత్రి వరకు అదే కారు. తెలుగునాట 'తెల్ల అంబాసిడరు' అన్నంతనే ప్రభుత్వం అని అర్థం. దానిపై ఎర్రదీపం ఉంటే 'బుగ్గకారు'. గ్రామంలోకి తెల్ల అంబాసిడరు వచ్చినదంటే పిల్లలు వెంటబడి పరుగెత్తేవారు, పెద్దలు లేచి నిలుచునేవారు. విశేషణంతో సహా ఒక వ్యాపారనామం అధికారానికి పర్యాయపదం కావడం ఏ ప్రకటన విభాగమూ డబ్బిచ్చి సంపాదించలేని సంగతి.

ఆ పర్యాయపదం ఎంత బలమైనదో 2001 డిసెంబరు 13వ తేదీన దేశం చూచినది. పార్లమెంటు భవనంపై దాడిచేసిన ముష్కరులు ఎక్కివచ్చినది ఎర్రదీపం అమర్చిన తెల్ల అంబాసిడరే. అద్దంపై దేశీయాంగ మంత్రిత్వశాఖ పేరిట దొంగ చీటీ. ద్వారంవద్ద అడ్డులేకుండా లోనికి వచ్చుటకు ఆ వేషం చాలినది. ఆ తరువాత స్వల్పకాలంలోనే ప్రధానమంత్రి వాహనశ్రేణిలో అంబాసిడరు స్థానాన్ని జర్మనీకి చెందిన కవచవాహనాలు ఆక్రమించినవి. రాజ్యచిహ్నమై ఉండుటయే అంబాసిడరుకు అర్హత అయితే, ఆ అర్హత అంతటితో సడలినది.

బజారులో దాని ప్రాభవం అంతకు చాలకాలం క్రితమే తగ్గనారంభించినది. 1983 డిసెంబరులో గుర్‌గాఁవ్ నుండి మారుతి 800 వెలువడినది. 1980ల నడుమ సంవత్సరానికి ఇరవై వేలకు పైగా అమ్ముడుపోయిన అంబాసిడర్లు, 2013-14 నాటికి సుమారు 2,200కు దిగజారినవి. 1990లలో జపానుకు చెందిన ఇసుజు ఇంజను అమర్చి చూచినారు. 2010 నుండి మహానగరాలలో అమలుకు వచ్చిన భారత్ స్టేజ్ నాలుగు కాలుష్య నియమాలు పాత ఇంజనుకు శరాఘాతమైనవి. ఆ నియమాలకు తగిన ఎన్‌కోర్ అను రూపం 2013లో వచ్చినది; కాని అప్పటికి వేళ మించిపోయినది. అదే 2013లో బ్రిటిషు టెలివిజను కార్యక్రమం ఒకటి ప్రపంచంలోని టాక్సీలన్నింటిలో అంబాసిడరే ఉత్తమమని ఎంచినది. కర్మాగారం మూతపడునప్పుడు అందులో సుమారు రెండున్నర వేలమంది పనివారున్నారు. పేరు అమ్మగా వచ్చిన ధనాన్ని ఉద్యోగుల బాకీలకు, అప్పులిచ్చినవారి బాకీలకు వినియోగింతుమని సంస్థవారు చెప్పినారు. పనివాని చేయి నిలిచిపోయిన మూడేండ్లకు, ఆ చేయి తయారుచేసిన వస్తువు పేరునుండి అతని జీతం రావలసిన స్థితి ఏర్పడినదన్నమాట.

ఇట్టి స్థితి ఈ దేశానికే ప్రత్యేకం కాదు. ఆస్ట్రేలియాలో హోల్డెన్ అను కారు ఉండేది. 1856లో అడిలైడ్ నగరంలో గుర్రపు జీనులు కుట్టే దుకాణంగా మొదలైన ఆ కుటుంబవ్యాపారం క్రమంగా కార్ల పైకప్పులూ, తొడుగులూ తయారుచేసే పరిశ్రమ అయినది. 1931లో జనరల్ మోటార్స్ వారి చేతికి పోయినది. 1948 నవంబరు 29న ప్రధాని బెన్ చీఫ్లీ మొదటి హోల్డెన్ కారును దేశానికి చూపినప్పుడు అది ఆస్ట్రేలియనులకు పండుగ. పెట్టుబడి అమెరికాది, అభిమానం మాత్రం ఆస్ట్రేలియాది. గుండ్రని రాయిని కాలితో దొర్లించే సింహం దాని చిహ్నం. సింహం రాయి దొర్లించుట చూచి మానవుడు చక్రాన్ని కనిపెట్టెనని ఒక కట్టుకథ; దాన్నిబట్టి ఆ చిహ్నం.

ఆ దేశంలో కార్ల తయారీ ఒక్క సంవత్సరంలో అంతరించినదని చెప్పవచ్చును. 2016 అక్టోబరులో ఫోర్డు, 2017 అక్టోబరు 3న టొయోటా, అదే నెల 20వ తేదీన అడిలైడ్ సమీపాన ఎలిజబెత్‌లోని హోల్డెన్ తమ కర్మాగారాలను మూసివేసినవి. తక్కినవారు దిగుమతిదారులై బ్రతికినారు. హోల్డెన్‌వారును అట్లే బ్రతుకనెంచి, దేశీయులకు ప్రాణప్రదమైన కమడోర్ అను పేరును జర్మనీలో తయారైన ఒపెల్ కారుకు తగిలించి 2018లో తెచ్చినారు. ఆ సింహం ముందరే ఉన్నది, పేరు వెనుకనే ఉన్నది. కొన్నవారు మాత్రం అరుదు. 2020 ఫిబ్రవరి 17న హోల్డెన్ అను పేరునే విరమింతుమని జనరల్ మోటార్స్ ప్రకటించినది. కర్మాగారం పోయిన తరువాత పేరు రెండున్నరేండ్లైనా నిలువలేదు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణలు లేకపోలేదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ మోటారు సైకిలు ఇంగ్లండులో రెడిచ్ పట్టణానిది. 1955లో మద్రాసులో దాని తయారీ ప్రారంభమైనది. 1970 నాటికి ఇంగ్లండులో ఆ తయారీ ముగిసినది, మద్రాసులో ముగియలేదు. పుట్టినచోట ఆరిపోయిన దీపం పెంచినచోట వెలిగి, నేడు తిరిగి ఇంగ్లండుకే ఎగుమతి అగుచున్నది. పేరు పని వెంట నడచిన సందర్భం ఇది. బొంబాయి ప్రీమియర్ వారి పద్ధతి వేరు. ఫియట్ వారితో ఒప్పందం మారిన పిమ్మట, 1970లలో, ఆ పాతకారుకే చిత్తోడు రాణి పద్మిని పేరు పెట్టినారు. జనం నోట అది చాలకాలం ఫియట్టే. బొంబాయి వీథులలో ఆ పద్మిని టాక్సీలు 2023 అక్టోబరు వరకు తిరిగినవి.

అన్నిటికంటె చిత్రం విలియమ్ మోరిస్ వారసత్వం. ఆక్స్‌ఫర్డ్ శివారు కౌలీలోని ఆయన కర్మాగారం నేటికీ నడుచుచున్నది. అందులో మినీ అను కారు తయారగుచున్నది, యజమానులు జర్మనీవారు. ఆయన గరాజు పేరు, మోరిస్ గరాజస్, ఎం.జి. అను రెండు అక్షరాలుగా కుదించుకొని 2005 తరువాత చైనావారి చేతికి పోయినది. 2019 నుండి గుజరాత్‌లోని హాలోల్‌లో ఆ పేరుతో కార్లు తయారగుచున్నవి. ఆ హాలోల్ కర్మాగారం అంతకు పూర్వం జనరల్ మోటార్స్ వారిది. ఆయన ఆక్స్‌ఫర్డ్ కారు దేహం బెంగాలులో వేరొక పేరుతో ఏబది ఏండ్లకు పైగా జీవించి మట్టిలో కలసినది. ఆ వేరొక పేరు ఫ్రెంచివారి బీరువాలో ఉన్నది. ఒక్క మనిషి మొదలుపెట్టిన పని ఇట్లు రెండు ఖండాలలో ముక్కలై, ఒకచోట కర్మాగారంగా, ఒకచోట అక్షరాలుగా, ఒకచోట విక్రయపత్రంగా నిలిచినది.

దేశీయమైనది ఏది అన్న ప్రశ్నకు ఈ చరిత్ర సూటిగా సమాధానం చెప్పదు. మారుతిలో జపాను సుజుకీవారికి 2002లో ఆధిక్యం లభించినది. 2007 నాటికి భారత ప్రభుత్వం తన వాటాలను పూర్తిగా అమ్ముకొన్నది. అయినను మారుతి మనదే అని సామాన్యుడు అనుకొనుచున్నాడు; కారు గుర్‌గాఁవ్‌లో తయారగుచున్నది గనుక, మెకానిక్కు వీథి చివర ఉన్నాడు గనుక. యజమాని జాతీయతను ఎవరూ విచారించరు. ఈ విషయంలో ఆస్ట్రేలియనుకూ భారతీయునకూ భేదం కానరాదు.

అంబాసిడరు పేరును మరల వాడదలచినవారికి హోల్డెన్‌వారికి లేని చిక్కు ఒకటున్నది. హోల్డెన్ రూపం డెబ్బది ఏండ్లలో అనేక పర్యాయాలు మారినది. ఆ పేరు విన్నవారికి తమ తమ వయస్సులనుబట్టి వేరువేరు కార్లు స్ఫురించును. అంబాసిడరు అన్నప్పుడు తాతకూ మనుమనికీ స్ఫురించేది ఒకే ఆకారం. పేరును దేహంనుండి వేరుచేయుట ఇక్కడ మరింత కష్టం. జర్మనీవారు మినీ విషయంలో పాత ఆకారపు ఛాయను కొత్తకారులో నిలిపి గెలిచినారు. ఆ పద్ధతి అంబాసిడరుకు సరిపడదని చెప్పలేము. కాని మినీకి నాలుగు దేశాల యువకులలో ఉల్లాసపు కారు అను పేరుండేది. అంబాసిడరుకు ఉన్నది ఆఫీసు గౌరవం, టాక్సీ ఓర్పు. వాటిని యువకునకు అమ్మగలిగే వర్తకుడు గట్టివాడై ఉండవలెను.

కొన్నవారు సైతం ఇంతవరకు ఆ సాహసం చేయలేదు. ప్యూజోవారు బిర్లా సంస్థతో కలసి తమిళనాడులో తయారీకి పూనుకొన్నారు. మద్రాసు సమీపాన తిరువళ్లూరులోని కర్మాగారం నుండి 2021లో కార్లు వెలువడనారంభించినవి. వాటికి పెట్టిన పేరు సిట్రోయెన్. ఆ యేడే ప్యూజో సంస్థ ఇతరులతో విలీనమై స్టెలాంటిస్ అను మహాసంస్థలో భాగమైనది. దాని చేతిలో డజనుకు పైగా కార్ల పేర్లున్నవి; అందులో అంబాసిడరు ఒకటి. 2022లో విద్యుత్ వాహనంగా అంబాసిడరు మరల వచ్చునని పత్రికలు కొంత హడావుడి చేసినవి. కారు రాలేదు.

మన చట్టం ప్రకారం వ్యాపారచిహ్నం ఆస్తియే గాని, స్థిరాస్తివంటిది కాదు. పదేండ్లకొకసారి దానిని పునరుద్ధరించుకోవలెను. 1999 నాటి వ్యాపారచిహ్నాల చట్టంలోని 47వ విభాగం ననుసరించి, ఐదేండ్లకు పైబడి వరుసగా వాడని పేరును పట్టికనుండి తొలగింపుమని బాధితుడైనవాడు కోరవచ్చును. పేరును కొని బీరువాలో పెట్టి తాళం వేసుకొన్నవానికి ఆ పేరు శాశ్వతంగా దక్కునన్న నమ్మకం లేదు. పొలాన్ని బీడుపెట్టినను పట్టా నిలుచును; పేరును బీడుపెట్టిన యెడల పట్టాకే ముప్పు.

జనుల వాడుకకు ఇట్టి చట్టం ఏదీ లేదు. హైదరాబాదులో ఆల్విన్ సంస్థ కూడా 1942లోనే పుట్టినది. బస్సులకు తొడుగులు కట్టినది, శీతలపేటికలు చేసినది, చేతిగడియారాలు చేసినది, జహీరాబాదులో నిస్సాన్ వారితో కలసి చిన్నలారీలు చేసినది. ఆ శాఖలన్నీ ఒక్కొక్కటిగా మూతబడినవి లేదా చేతులు మారినవి. మియాపూరు దారిలో ఆల్విన్ చౌరస్తా ఉన్నది. కూకట్‌పల్లి వైపున ఆల్విన్ కాలనీ ఉన్నది. ఆ చౌరస్తాలో బస్సు దిగేవారిలో పలువురు ఆల్విన్ అనగా ఏమిటో ఎరుగరు. హెచ్.ఎం.టి. గడియారాల సంస్థను మూసివేయుటకు కేంద్ర మంత్రివర్గం 2016లో ఆమోదించినది. ఆ పేరు మన వంటిండ్లలో మాత్రం నిత్యం వినబడుచున్నది; మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రగడే ఎంపికచేసి వృద్ధిపరచిన సన్నబియ్యానికి ఆ రోజులలో ఆదరణలో ఉన్న ఆ గడియారం పేరే స్థిరపడినది. గడియారం ఆగిపోయినను బియ్యం కొలుచుచున్నారు. ఏ క్రయపత్రమూ లేకుండా జరిగిన నామబదిలీ అది.

ఉత్తరపాడాలోనూ అట్లే జరిగినది. కర్మాగారం చుట్టూ ఏర్పడిన ఊరి పేరే హింద్‌మోటర్. కర్మాగార భూమిలో 314 ఎకరాలను సంస్థవారు 2007 ప్రాంతాననే ఇండ్ల నిర్మాణానికి అమ్మివేసినారు. మిగిలిన భూమిని వినియోగం లేనిదిగా ఎంచి తిరిగి తీసుకొనుటకు పశ్చిమబెంగాల్ ప్రభుత్వం 2022లో పూనుకొనగా ఆ వ్యవహారం న్యాయస్థానాలకు ఎక్కినది. హావ్‌డా నుండి బర్ధమాన్ పోయే మెయిన్ లైనులో లోకల్ రైళ్ళు హింద్‌మోటర్ స్టేషనులో నేటికీ ఆగుచున్నవి. కలకత్తా వీథులలో పసుపుపచ్చని అంబాసిడరు టాక్సీలు ఏటేటా తగ్గుచున్నవి. టాక్సీ పదునైదేండ్లకు మించి అక్కడ తిరుగరాదు. 2014లో కర్మాగారం విడిచివచ్చిన కడపటి బండ్లకు ఆ గడువు 2029లో తీరును.